పిల్లలకు గొర్రెల పెంపకం నేర్పడం ఎలా: చూపుతో మొదలుపెట్టి ఈనడం దాకా

పిల్లలకు గొర్రెలను అప్పగించాలనుకునే పెద్దలు తరచుగా అడిగేది ఒకటే: ఏ వయసులో ఏ పని చెప్పాలి, ఏది ముందు, ఏది తర్వాత? చాలామంది పిల్లవాడి చేతికి ఒక గొర్రెపిల్లను, ఒక పాలసీసాను ఇచ్చి అక్కడి నుంచి మొదలుపెడతారు. నిజానికి అది చివర రావలసిన పాఠం. ముందుగా నేర్పవలసింది చూడటం, తర్వాత పట్టుకోవడం, ఆ తర్వాత మేపడం. మందు, ఈత (గొర్రె ఈనడం) వంటివి వీటన్నిటి తర్వాతే. కింది అంచెలన్నీ ఆ వరుసలోనే ఉన్నాయి. ఒక అంచె చేతికి రాకుండా తర్వాతి దానికి వెళ్లకండి.

## 1. పెద్దలు ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

నేర్చుకోవడానికి మూడు ఆడ గొర్రెలు చాలు, అంతకు తక్కువ మాత్రం వద్దు. గొర్రె మందలో బతికే జీవి. దాన్ని ఒంటరిగా కడితే బెదిరి, అరుస్తూ, మేత మానేస్తుంది. అప్పుడు అది భయమో జబ్బో పెద్దలకే తెలియదు, ఇక పిల్లలకేం తెలుస్తుంది? మొదటి ఏడాది పొట్టేలు జోలికి పోవద్దు.

వయసును అమ్మేవారి మాట మీద కాక పళ్లను బట్టి చూడాలి. గొర్రెకు పై దవడ ముందు భాగంలో పళ్లు ఉండవు, గట్టి చిగురు మాత్రమే ఉంటుంది. కింది దవడ ముందు భాగంలో 8 పళ్లు ఉంటాయి. ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్య నడిమి జత పాలపళ్లు ఊడి పెద్ద పళ్లు వస్తాయి. ఆపైన సుమారుగా ఏటికొక జత మారుతూ, దాదాపు నాలుగేళ్లకు 8 పళ్లూ పూర్తవుతాయి. రెండు లేక నాలుగు పెద్ద పళ్లున్న, మనుషులకు కొంత అలవాటు పడిన గొర్రెలు నేర్చుకునేవారికి అనువైనవి.

కొట్టంలో ఒక్కో పెద్ద గొర్రెకు కనీసం 1 చదరపు మీటరు, పిల్లతో ఉన్న తల్లికి 1.5 నుంచి 2 చదరపు మీటర్ల చోటు కావాలి. చోటు కన్నా ముఖ్యమైనవి పొడి నేల, ఆడే గాలి. ఉదయాన్నే కొట్టంలో గొర్రె తల ఎత్తుకు వంగి ఊపిరి పీల్చి చూడండి. ముక్కు మండితే, కళ్లు చెమ్మగిల్లితే ఆ గాలి గొర్రె ఊపిరితిత్తులకు కూడా మంచిది కాదు.

గొర్రెల నుంచి మనుషులకు సోకే జబ్బులు కొన్ని ఉన్నాయి. నోటి చుట్టూ పొక్కులు, పుండ్లు వచ్చే ఆర్ఫ్ అనే వైరస్ వ్యాధి ముట్టుకున్నవారి చేతులకు అంటుకుంటుంది. ఈసుకుపోయిన (నెలలు నిండకముందే పడిపోయిన) గొర్రెపిల్లల నుంచి, మాయ నుంచి సోకే కొన్ని సూక్ష్మజీవులు కడుపులోని బిడ్డకు ప్రమాదకరం కాబట్టి గర్భిణులు ఈత పనులకు దూరంగా ఉండాలి.

గొర్రెలు రాకముందే సరిచూసుకోవలసినవి:

- పిలిస్తే వచ్చే పశువైద్యుల ఫోన్ నంబరు కొట్టం గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉందా?
- కొత్తగా వచ్చే గొర్రెలను 3 నుంచి 4 వారాలు విడిగా ఉంచే చోటు ఉందా?
- దాణా గదికి గొళ్లెం కాదు, తాళం ఉందా?
- చేతులు కడుక్కునే నీళ్లు, సబ్బు దొడ్డి తలుపు పక్కనే ఉన్నాయా?
- థర్మామీటర్, తూకం, గట్టి అట్టల నోటుపుస్తకం ఉన్నాయా?

## 2. మొదటి రెండు వారాలు: ముట్టుకోకుండా చూడటం

ఈ అంచెను దాటవేయాలని అందరికీ అనిపిస్తుంది. దయచేసి దాటవేయకండి. రోజూ ఉదయం మేత వేయడానికి ముందు పదిహేను నిమిషాలు కంచె బయట నిలబడి చూడటమే ఈ రెండు వారాల పని. ఆరేడేళ్ల పిల్లలు కూడా దీన్ని చక్కగా చేస్తారు.

చూపుకు ఒక వరుస ఉండాలి, లేకపోతే పిల్లల కళ్లు ముద్దుగా కనిపించే గొర్రె దగ్గరే ఆగిపోతాయి.

1. ముందుగా లెక్క. అన్నీ ఉన్నాయా?
2. మందకు విడిగా నిలబడింది ఏది? అందరికన్నా ఆలస్యంగా లేచింది ఏది?
3. తల ఎత్తి ఉందా, వాలి ఉందా? చెవులు కదులుతున్నాయా?
4. నడకలో ఏ కాలైనా తేలికగా మోపుతోందా?
5. డొక్కల కదలికను బట్టి నిమిషానికి ఎన్ని శ్వాసలు? చల్లని పూట తీరికగా ఉన్న పెద్ద గొర్రెకు 12 నుంచి 20 ఉంటాయి. ఎండలో ఇది బాగా పెరుగుతుంది కనుక ఉదయాన్నే లెక్కపెట్టాలి.
6. పెంటికలు విడివిడిగా, గట్టిగా ఉన్నాయా? తోక కింది ఉన్నికి పారుడు అంటుకుందా?
7. పడుకున్నవాటిలో నెమరు వేయనిది ఏది?

నెమరును దగ్గరగా చూపించండి. దవడ అడ్డంగా ఆడుతూ ఉండి ఒక్క క్షణం ఆగుతుంది. మెడ వెంట ఒక ముద్ద కిందికి జారుతుంది. కొన్ని సెకన్ల తర్వాత మరో ముద్ద అదే దారిలో పైకి వస్తుంది, దవడ మళ్లీ ఆడటం మొదలవుతుంది. ఒక్కసారి దీన్ని గుర్తుపట్టిన పిల్లలు ఆ తర్వాత దాని కోసమే వెతుకుతారు. ఆరోగ్యాన్ని ఇంత సులువుగా చెప్పే గుర్తు మరొకటి లేదు.

నోటుపుస్తకంలో పేజీని రెండు భాగాలు చేయించండి: ‘చూసినది’, ‘అనుకున్నది’. ‘గొర్రెకు జ్వరం’ అనేది అనుకున్నది. ‘మేతకు లేవలేదు, ముక్కు కారుతోంది, చెవులు వాలి ఉన్నాయి’ అనేవి చూసినవి. పశువైద్యులకు పనికొచ్చేది ‘చూసినది’ మాత్రమే.

నా దగ్గర నేర్చుకున్న ఒక పదేళ్ల అమ్మాయి ఒకరోజు ‘నల్లచెవి గొర్రె ఇవాళ తొట్టి దగ్గరికి మూడోదిగా వచ్చింది, రోజూ మొదట వచ్చేది’ అని రాసింది. ఇదీ ఒక విషయమేనా అనుకుని నేను పేజీ తిప్పేశాను. మర్నాటికి ఆ గొర్రె మూడు కాళ్ల మీద నిలబడి ఉంది. గిట్ట చీలిక మధ్య ముల్లు దిగి చీము పట్టింది. ఆ అమ్మాయి చూసింది సరైనదే, చదవడం రానిది నాకు. అప్పటి నుంచి పిల్లలు రాసిన ప్రతి వాక్యానికీ ఆ పూటే దొడ్డిలోకి వెళ్లి జవాబు వెతకడం అలవాటు చేసుకున్నాను.

## 3. తోలడం, పట్టుకోవడం

గొర్రె కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కనుక దానికి చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది, సరిగ్గా తోక వెనక భాగం తప్ప. అందుకే నేరుగా వెనక నుంచి వచ్చే మనిషి దానికి హఠాత్తుగా ఊడిపడినట్టు అవుతుంది.

ప్రతి గొర్రె చుట్టూ కంటికి కనిపించని ఒక హద్దు ఉంటుంది. మనం ఆ హద్దు లోపలికి అడుగుపెడితే అది కదులుతుంది, బయటికి వస్తే ఆగుతుంది. హద్దు అంచున ఉండి గొర్రె భుజానికి వెనకగా నడిస్తే అది ముందుకు పోతుంది. భుజాన్ని దాటి తల వైపు వస్తే వెనక్కి తిరుగుతుంది. పిల్లలను కేకలు వేయకుండా, పరుగెత్తకుండా, చేతులు దించుకుని దీన్ని ఒక ఆటలా పరీక్షించనివ్వండి. ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలు రెండు రోజుల్లో దీన్ని పట్టేస్తారు. పెద్దలకే కేకలు మానడానికి ఎక్కువ రోజులు పడుతుంది.

పట్టుకునే క్రమం:

1. మందనంతా చిన్న గదిలోకి గానీ మూలకు గానీ చేర్చాలి. ఒక్కదాన్ని వెంటబడి తరమకూడదు.
2. పక్క నుంచి నెమ్మదిగా చేరి, ఒక అరచేతిని దవడ ఎముక కింద పెట్టాలి. గొంతును నొక్కకూడదు.
3. రెండో చేతిని పిర్రల వెనక ఆనించాలి.
4. తలను కొద్దిగా పైకి ఎత్తి పట్టాలి. తల దించనిస్తే గొర్రె బలమంతా ముందుకు తోస్తుంది.
5. మన మోకాలిని దాని భుజం దగ్గర, దాని రెండో పక్కను గోడకు ఆనించి నిలబడాలి.

ఉన్ని పట్టుకుని లాగితే దాని కింద చర్మం కమిలిపోతుంది. కొమ్ములు, కాళ్లు, చెవులు పట్టుకుని లాగడం కూడా కూడదు. గొర్రెను కూర్చోబెట్టి తిప్పి పట్టుకోవడం పదిహేనేళ్లు దాటినవారు పెద్దల పక్కన నేర్చుకోవలసిన పని. నిండు చూడి గొర్రెలను అలా తిప్పకూడదు.

ఒక అత్యవసర పాఠం ఇక్కడే చెప్పాలి. వెల్లకిలా పడిపోయి లేవలేని గొర్రె కనిపిస్తే వెంటనే పక్కకు దొర్లించి లేపాలి. ఆ భంగిమలో కడుపులోని గాలి బయటికి పోలేక కొన్ని గంటల్లోనే చనిపోవచ్చు. లేపిన తర్వాత తూలకుండా నిలదొక్కుకునే దాకా పట్టుకుని ఉండాలి.

## 4. మేత, నీరు: లెక్క చేతికి రావాలి

గొర్రె రోజుకు తన బరువులో 2 నుంచి 4 శాతం దాకా ఎండు పదార్థాన్ని తింటుంది. ఈ లెక్కను నోటితో చెప్పకుండా తూకం మీద చేయించండి. 40 కిలోల గొర్రెకు 3 శాతం అంటే 1.2 కిలోల ఎండు పదార్థం. పచ్చిగడ్డిలో ఐదో వంతే ఎండు పదార్థం అనుకుంటే 6 కిలోల పచ్చిగడ్డి కావాలి. బాగా ఎండిన గడ్డిలో పదింట తొమ్మిది వంతులు ఎండు పదార్థమే కనుక 1.3 కిలోలు సరిపోతాయి. రెండు కుప్పలనూ పక్కపక్కన పెట్టి చూపిస్తే పిల్లలు ఆ తేడాను మరిచిపోరు.

ఏ మేతనైనా ఒక్కరోజులో మార్చకూడదు. పాతది తగ్గిస్తూ, కొత్తది పెంచుతూ 10 నుంచి 14 రోజులు తీసుకోవాలి. పెద్ద పొట్టలో మేతను జీర్ణం చేసే సూక్ష్మజీవులు కొత్త మేతకు అలవాటు పడటానికి అంత వ్యవధి కావాలి.

పిల్లలు చేసే అతి ప్రమాదకరమైన పని ప్రేమతో చేసేదే. గొర్రె ఇష్టంగా తింటోందని గింజలు మరో రెండు దోసిళ్లు వేస్తారు. ఎక్కువ గింజలు ఒకేసారి తింటే పొట్టలో ఆమ్లం పెరిగి గొర్రె ఒక్కరోజులో పడిపోగలదు. దాణా గదికి తాళం గొర్రెల కోసం మాత్రమే కాదు, ఇందుకు కూడా.

ఆవులు, గేదెల కోసం తయారైన ఖనిజ మిశ్రమాన్ని గొర్రెలకు పెట్టకూడదు. దానిలో ఉండే రాగి వాటికి సరిపోయినా గొర్రె కాలేయంలో పేరుకుపోయి విషమవుతుంది. సంచి మీద ‘గొర్రెలకు’ అని రాసి ఉంటేనే తెరవాలని నియమం పెట్టండి.

నీరు ఒక్కో గొర్రెకు రోజుకు 4 నుంచి 8 లీటర్లు, పాలిచ్చే తల్లికి, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ పడుతుంది. నీళ్లు నింపడం కాదు, తొట్టి కడగడం పిల్లల పని అని చెప్పండి. కడిగినవారు ఎలాగూ నింపుతారు.

## 5. చేతితో చదవడం

పన్నెండేళ్లు దాటి, గొర్రెను కదలకుండా పట్టుకోగలిగినవారికి ఈ నాలుగు పరీక్షలు నేర్పవచ్చు.

వీపు. చివరి పక్కటెముక వెనక, నడుము మీద వెన్నెముకను వేళ్లతో తడమాలి. ఉన్ని కప్పేసిన బక్కతనం కంటికి కనిపించదు, చేతికే తెలుస్తుంది. పోలిక మన చేతిలోనే ఉంది: పిడికిలి బిగించి కణుపులు తడిమితే తెలిసినట్టుగా ఉంటే బక్కది, చేతిని చాచి వేళ్ల వెనక భాగం తడిమినట్టుగా ఉంటే సరైనది, అరచేతి కండలా మెత్తగా ఉంటే కొవ్వు ఎక్కువ. దీనికి 1 నుంచి 5 దాకా మార్కులు వేస్తారు, 3 దగ్గర ఉంటే మంచిది.

కన్ను. కింది రెప్పను మెల్లగా లాగి లోపలి పొర రంగు చూడాలి. ఎర్రగా ఉంటే మంచిది. పాలిపోయి తెల్లబడితే రక్తం తాగే నట్టలు (కడుపులోని పురుగులు) ఉన్నాయని అనుమానించాలి. దవడ కింద మెత్తని వాపు కూడా ఉంటే అదే రోజు పశువైద్యులకు చెప్పాలి. రంగును ఎప్పుడూ పగటి వెలుగులోనే చూడాలి.

గిట్ట. కుంటుతున్న కాలిని ఎత్తి, చీలిక మధ్య మట్టి తీసి, ముల్లు, రాయి, పుండు ఉన్నాయేమో చూడాలి. కుళ్లు వాసన వస్తే అది గిట్ట కుళ్లు వ్యాధి కావచ్చు. 10 శాతం జింక్ సల్ఫేట్ నీటిలో కాళ్లు తడిసేలా నిలబెట్టి, తర్వాత పొడి నేల మీద ఉంచడం వాడుకలో ఉన్న పద్ధతి. గిట్టలు కత్తిరించడం మాత్రం పెద్దలు చేయాలి, రక్తం వచ్చేంత లోతుగా ఎవరూ కత్తిరించకూడదు.

వేడి. థర్మామీటర్‌కు దారం కట్టి, కొన మీద కాస్త నూనె రాసి, మలద్వారంలో లోపలి గోడకు ఆనేలా పెట్టాలి. మామూలుగా 38.5 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. ఎండలో తోలిన వెంటనే చూస్తే ఎక్కువ చూపిస్తుంది కనుక నీడలో కాసేపు ఆగనివ్వాలి.

## 6. మందుల దగ్గర గీత

మందు పేరును, మోతాదును పశువైద్యులు చెప్పాలి, ఇంజెక్షన్ పెద్దలు చేయాలి. నేర్చుకునేవారు బరువు తూచి, మందు, తేదీ, గొర్రె గుర్తు రాయాలి. ఈ పనిని చిన్నదిగా చూడకండి: బరువును అంచనాతో తక్కువ వేసి నట్టల మందు తక్కువ తాగిస్తే చావని నట్టలు ఆ మందుకు లొంగకుండా తయారవుతాయి.

పదిహేనేళ్లు దాటినవారు నోటి ద్వారా మందు తాగించడం నేర్చుకోవచ్చు. గొర్రె మూతి దాదాపు నేలకు సమాంతరంగా ఉండాలి. తలను ఆకాశం వైపు ఎత్తితే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మందు గొట్టాన్ని దవడ పక్క సందు నుంచి నాలుక వెనక భాగానికి చేర్చి, మింగే వ్యవధి ఇస్తూ వదలాలి. దగ్గితే వెంటనే ఆపి, తల వదిలేయాలి.

మందు ఇచ్చిన తర్వాత ఎన్ని రోజులు ఆ గొర్రె పాలు, మాంసం వాడకూడదో సీసా మీద ఉంటుంది, దాన్ని కూడా పుస్తకంలోకి ఎక్కించాలి. చిటుక వ్యాధి (పేగుల్లో విషం పుట్టి హఠాత్తుగా చంపే జబ్బు), పి.పి.ఆర్. (గొర్రెలకు, మేకలకు వచ్చే ప్లేగు లాంటి అంటువ్యాధి) వంటి వాటి టీకాల క్రమాన్ని పశువైద్యులతో కూర్చుని ఏడాది మొత్తానికీ ఒకేసారి రాయించుకోండి.

## 7. ఈత సమయం

గొర్రె చూలు కాలం సుమారు 147 రోజులు. కడుపులోని పిల్ల బరువులో ఎక్కువ భాగం చివరి ఆరు వారాల్లోనే పెరుగుతుంది కాబట్టి మేతను అప్పుడు మెరుగుపరచాలి.

ఈతలో పిల్లలకు ఇవ్వదగిన బాధ్యత గడియారం. ఉమ్మనీటి సంచి కనిపించిన సమయం, గట్టిగా ముక్కడం మొదలైన సమయం, గొర్రెపిల్ల బయటపడిన సమయం రాయాలి. రెండు ముందు కాళ్లు, వాటి మీద ముక్కు కనిపిస్తే ఈత సక్రమంగా సాగుతున్నట్టే. అరగంట గట్టిగా ముక్కినా ఏమీ ముందుకు రాకపోతే, తోక మాత్రమే గానీ తల మాత్రమే గానీ కనిపిస్తే వెంటనే పశువైద్యులను పిలవాలి. సమయం రాసి ఉంటే ‘చాలాసేపటి నుంచి’ అని చెప్పనక్కర్లేదు.

పుట్టిన వెంటనే చేయవలసినవి:

- ముక్కు, నోటి మీది జిగురు తుడిచి, గొర్రెపిల్లను తల్లి మూతి ముందు ఉంచాలి. మిగతాది తల్లి నాకుతుంది.
- బొడ్డును టింక్చర్ అయోడిన్‌లో ముంచాలి.
- ఒకటి రెండు గంటల్లోపు జున్నుపాలు తాగేలా చూడాలి. సీసాతో పట్టవలసి వస్తే కిలో బరువుకు సుమారు 50 మిల్లీలీటర్లు ఒక విడతకు, మొదటి రోజంతా కలిపి 200 మిల్లీలీటర్లు. 3 కిలోల పిల్లకు విడతకు 150, రోజుకు 600.
- నోట్లో వేలు పెట్టి చూడాలి. చల్లగా ఉండి, పిల్ల వాలిపోతూ ఉంటే పాలు పోయకూడదు, మింగలేక ఊపిరాడదు. ముందు తుడిచి, వెచ్చబెట్టి, పశువైద్యుల సలహా అడగాలి.
- మాయను లాగకూడదు, దానంతట అదే పడాలి.

## 8. తల్లి లేని గొర్రెపిల్ల

ఇప్పుడు పాలసీసా ఇవ్వవచ్చు. పాలు సుమారు 39 డిగ్రీల వేడిలో ఉండాలి. గొర్రెపిల్ల నిలబడి, తల్లి పొదుగు ఎత్తులో తల ఉంచి తాగాలి. ఒడిలో వెల్లకిలా పడుకోబెట్టి తాగిస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మొదట్లో రోజుకు ఐదారు విడతలు, తర్వాత తగ్గించుకుంటూ వచ్చి, గడ్డి, దాణా బాగా తింటున్న ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో పాలు మాన్పించవచ్చు.

అది పొట్టేలు పిల్ల అయితే నుదురు రుద్దవద్దు, తలతో తోసే ఆటలు ఆడవద్దు. మనుషుల చేతుల్లో పెరిగిన పొట్టేలుకు మనిషంటే భయం ఉండదు, పెద్దయ్యాక అదే ఆటను పూర్తి బలంతో ఆడుతుంది. ఏ పొట్టేలుకూ వీపు చూపించకూడదు.

## 9. తరచుగా జరిగే పొరపాట్లు

వారాంతపు ఉత్సాహం. ఆదివారం మూడు గంటలు, మిగతా రోజులు సున్నా. రోజూ పదిహేను నిమిషాలే పెట్టి, ఆదివారం కూడా అంతకు మించనివ్వకండి.

అన్నీ ఒకరికే. పరీక్షలు, జ్వరాలు వస్తాయి. ఇద్దరు పిల్లలను జతగా పెట్టి, వారం వారం పనులు మార్చండి.

పుస్తకంలో ‘బాగుంది’ అనే మాట. రోజూ ‘బాగున్నాయి’ అని రాసి ఉంటే చూడటం ఆగిపోయిందని అర్థం. ఆ మాటను నిషేధించి, శ్వాసల లెక్క రాయమనండి.

తొట్టి దగ్గర తోపులాట. దాణా తొట్టిలో ఒక్కో పెద్ద గొర్రెకు సుమారు 40 సెంటీమీటర్ల చోటు లేకపోతే బలహీనమైనది ఆకలితో మిగిలిపోతుంది. తొట్టి పొడవు పెంచాలి గానీ దాణా కాదు.

తప్పు దాచడం. గేటు తెరిచి మరిచినందుకు తిట్లు పడ్డ పిల్లవాడు, రేపు గొర్రె గింజలు తిన్న సంగతి చెప్పడు. చెప్పిన తప్పుకు శిక్ష లేదని మొదటి రోజే మాటివ్వండి, నిలబెట్టుకోండి.

## 10. చావు, అమ్మకం, ఆ తర్వాత తాళం చెవి

గొర్రె చనిపోతే పిల్లలు బడి నుంచి వచ్చేలోపు మాయం చేయకండి. ముట్టుకోవద్దని చెప్పి, దూరం నుంచి చూడాలనుకుంటే చూడనివ్వండి. కారణం తెలియని చావైతే పశువైద్యులను పిలిచి, ముందు వారం రోజుల పేజీలు వారితో కలిసి చదవండి. అమ్మవలసిన గొర్రెల సంగతి అమ్మే రోజున కాక తెచ్చిన రోజునే చెప్పాలి.

ఇక అప్పగింత. ఒక రోజంతా పెద్దలు నోరు మెదపకుండా దూరంగా ఉండాలి, ప్రాణాపాయం ఉంటే తప్ప. ఉదయం లెక్క నుంచి సాయంత్రం తలుపు వేసేదాకా పని నేర్చుకునేవారిదే. ఆ రోజు మీరూ విడిగా ఒక పేజీ రాయండి. సాయంత్రం రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టి చదవండి. మీరు రాసినవాటిలో వారి పేజీలో లేనిది ఏదైనా ఉంటే మరో వారం కలిసి చూడండి. వారు రాసినదాంట్లో మీ కంటపడనిది ఒక్కటైనా ఉంటే దొడ్డి తాళం చెవి వారికి ఇవ్వవచ్చు. దాణా గది చెవిని మాత్రం ఇంకో ఏడాది మీ దగ్గరే ఉంచుకోండి.